బడి మాట, వాడ మాట: పాఠ్యపుస్తకాల పదజాలం మీద ఒక పరిశీలన

దళిత పిల్లవాడు పదో తరగతి తప్పితే మనకు వినబడే కారణాలు మూడే. "వాడికి చదువు మీద ధ్యాస లేదు." "ఇంట్లో చదువుకునే వాతావరణం లేదు." "లెక్కల్లో, సైన్సులో పునాది లేదు." మూడింటిలోనూ లోపం పిల్లవాడిదో, వాడి ఇంటిదో అవుతుంది. పుస్తకంలో లోపం ఉందని ఎవరూ అనరు. అందుకే మేము పుస్తకాన్ని పట్టుకున్నాం. తెలుగు, లెక్కలు, భౌతిక రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రం, సాంఘికం - ఈ పాఠాల్లో హైస్కూలు పిల్లలు రోజూ నోట్లో నానబెట్టే మాటలను ఒక్కొక్కటిగా తీసి చూస్తున్నాం.

మేము అడిగే ప్రశ్నలు రెండు. పాఠంలో ఉన్న విషయం కష్టమా, దానికి పెట్టిన పేరు కష్టమా? ఆ పేరు పెట్టిన రోజున ఎవరి ఇంటి మాటను లెక్కలోకి తీసుకున్నారు, ఎవరి ఇంటి మాటను గడప బయట నిలబెట్టారు?

మా వాదన ఇది. పాఠాల్లో ఉన్న విషయం చాలామటుకు వాడలో ఉంది. దానికి మాట కూడా ఉంది. బడి ఆ మాటను మాటగా ఒప్పుకోదు. మాటను ఒప్పుకోకపోతే దాని వెనక ఉన్న తెలివి కూడా తెలివి కాకుండా పోతుంది. తెలిసిన పిల్లవాడే తెలియనివాడుగా రుజువవుతాడు.

1. తెలుగు పాఠం: "గ్రామ్యం" అనే ముద్ర

హైస్కూలు తెలుగు వ్యాకరణంలో మాటలను నాలుగు రకాలుగా విడగొడతారు: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. సంస్కృత ప్రాకృతాల నుంచి నేరుగా వచ్చింది తత్సమం. మారి వచ్చింది తద్భవం. ఇక్కడే పుట్టింది దేశ్యం. వ్యాకరణానికి లొంగనిది గ్రామ్యం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. ఆ వ్యాకరణం స్థిరపరచిన వరుస ఇప్పటికీ తరగతి గదిలో నడుస్తోంది. నాలుగు మెట్లు, పై మెట్టు మీద సంస్కృతం, అడుగున ఊరి మాట. ఇలాంటి నాలుగు మెట్ల వరుసను మన పిల్లలు వేరే చోట కూడా చూసినవాళ్లే, కొత్తగా చెప్పనక్కరలేదు.

"మా నాయిన పొద్దుగాల్ల వొయ్యిండు" అని పిల్లవాడు రాస్తే ఎర్రసిరా పడుతుంది. ఆ వాక్యంలో కర్త ఉంది, కాలం ఉంది, క్రియ ఉంది. లింగవచనాలు కుదిరాయి. లేనిదల్లా కులం గల ఇంటి ఉచ్చారణ. తప్పు దిద్దాల్సిన మాస్టారు వాక్యాన్ని దిద్దడు, ఇంటిని దిద్దుతాడు.

వాడుకభాష గెలిచింది కదా, ఇంకా ఈ గొడవేమిటి అని కొందరు అడుగుతారు. గిడుగు రామమూర్తి (1863-1940) చేసిన పోరాటం చిన్నది కాదు. సవరల భాష నేర్చుకుని, వాళ్లకు వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసిన మనిషి ఆయన. కానీ ఉద్యమం గెలిచి బడిలోకి వచ్చింది శిష్ట వ్యావహారికం. ఎవరు శిష్టులు? చదువుకున్న పై కులాల ఇళ్లలో, అందులోనూ కృష్ణా గోదావరి జిల్లాల చుట్టుపక్కల మాట్లాడేవాళ్లు. గ్రాంథికం గోడ కూలింది గానీ, ఆ రాళ్లతోనే కొంచెం పొట్టి గోడ ఇంకోటి లేచింది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పిల్లలందరికీ అది అడ్డమే. ఆ ప్రాంతాల్లోని దళిత పిల్లలకు రెండింతలు అడ్డం. ఊరి యాసకు వాడ యాస తోడవుతుంది గనుక.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తుచేసుకోవాలి. బొంబాయి హైస్కూల్లో అంబేద్కర్ సంస్కృతం చదువుతానంటే చదవనివ్వలేదు. అంటరానివాడికి ఆ భాష కూడదన్నారు. ఆయన పారశీకం తీసుకోవలసి వచ్చింది. తర్వాత పట్టుపట్టి సంస్కృతం నేర్చుకున్నారు. అది ఒక కాలం. ఈ కాలంలో అదే సంస్కృతాన్ని తెలుగు అని పేరు పెట్టి మన పిల్లల ముందు పోసి, నోరు తిరగకపోతే సున్నా వేస్తున్నారు. అప్పుడు చదవనివ్వక బయట పెట్టారు. ఇప్పుడు చదవలేదని బయట పెడుతున్నారు.

2. లెక్కలు: నూటికి మూడు రూపాయలు

లెక్కల పుస్తకంలో క.సా.గు., గ.సా.భా. అనే పొడి అక్షరాలు ఉంటాయి. విప్పి చెబితే కనిష్ఠ సామాన్య గుణిజం, గరిష్ఠ సామాన్య భాజకం. ఆరో తరగతి పిల్ల ఈ రెంటినీ మంత్రంలా అప్పజెబుతుంది. కనిష్ఠ అంటే అన్నిట్లోకి చిన్నది, గరిష్ఠ అంటే అన్నిట్లోకి పెద్దది అని ఒక్క ముక్క చెబితే సగం లెక్క అక్కడే తేలిపోతుంది. ఆ ఒక్క ముక్క చాలాచోట్ల చెప్పరు. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లలు ఇంట్లో తెలుసుకుంటారు. చెప్పేవాళ్లు లేని పిల్లలు గైడు కొని బట్టీ పడతారు.

వడ్డీ లెక్క సంగతి దీనికి తలకిందులు. అసలు, వడ్డీ, బారువడ్డీ, చక్రవడ్డీ - ఈ మాటలు వాడకు కొత్త కాదు. అప్పుల్లో పుట్టి అప్పుల్లో పెరిగిన ఇళ్లు మనవి. "మూడు రూపాయల వడ్డీకి అయిదు వేలు తెచ్చినం, పది నెలలయింది" అంటే వడ్డీ ఎంతో అమ్మ వెంటనే చెబుతుంది. అయిదు వేలంటే యాభై వందలు. వందకు మూడు చొప్పున నెలకు నూట యాభై. పది నెలలకు పదిహేను వందలు. కాగితం లేదు, కలం లేదు.

అదే లెక్క పుస్తకంలో ఎట్లా ఉంటుంది? రేటు సంవత్సరానికి శాతంలో చెబుతారు. మూడు రూపాయల వడ్డీ అంటే పుస్తకం భాషలో 36 శాతం. కాలం సంవత్సరాల్లో ఉండాలి గనుక పది నెలలు పన్నెండింట పది అవుతుంది. 5,000ను 36తో, పన్నెండింట పదితో హెచ్చించి 100తో భాగిస్తే 1,500. జవాబు ఒకటే. అమ్మ దారి దగ్గర, పుస్తకం దారి చుట్టు. పిల్లవాడికి రెండు దారులూ ఒకేచోటికి పోతాయని ఎవరూ చూపించరు. చూపించి ఉంటే వాడికి ఇంకో సంగతి కూడా తెలిసేది. ఊళ్లో "మూడు రూపాయలే" అని చిన్నగా వినబడే వడ్డీ సంవత్సరానికి 36 శాతమని! లెక్కల పాఠం అక్కడ రాజకీయ పాఠం అయ్యేది.

భూమి కొలత కూడా ఇంతే. పుస్తకంలో చదరపు మీటర్లు, హెక్టార్లు. తెలంగాణలో పిల్లలు వినేది గుంటలు, కోస్తాలో వినేది సెంట్లు. గుంట అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం. 100 సెంట్లు కూడా ఒక ఎకరమే. ప్రభుత్వం పంచిన పట్టా భూమి ఎంత, చేతిలో ఉన్నదెంత అని దళిత ఇళ్లలో నడిచే తగాదా అంతా ఈ మాటల్లోనే నడుస్తుంది. 1984లో రద్దయ్యేదాకా తరతరాలుగా ఆ లెక్కలు కరణం, పట్వారీల చేతిలో ఉండిపోయాయి. వైశాల్యం పాఠంలో గుంట, సెంటు రావడం చిన్న సంగతి కాదు. అది కాగితం చదవగలిగే శక్తి.

3. భౌతికశాస్త్రం: "పని జరగలేదు"

విజ్ఞానశాస్త్రం మాటల్లో రెండు రకాల ప్రమాదాలున్నాయి. మొదటిది కొరుకుడుపడని మాట: గురుత్వాకర్షణ, స్థానభ్రంశం, పౌనఃపున్యం. రెండోది తెలిసిన మాటకు తెలియని అర్థం: వడి, వేగం, బరువు, పని. మొదటిదానికి పిల్లవాడు భయపడతాడు. రెండోదానికి భయపడడు, మోసపోతాడు. ఇంట్లో వడికీ వేగానికీ తేడా లేదు. పుస్తకంలో వేగానికి దిక్కు ఉంటుంది, వడికి ఉండదు.

"పని" అనే మాట చూద్దాం. బలం వేసిన దిక్కులో వస్తువు జరిగితేనే భౌతికశాస్త్రంలో పని జరిగినట్టు. నెత్తిమీద బరువు పెట్టుకుని చదునైన బాట మీద నడిచే కూలీ ఆ బరువు మీద చేసిన పని సున్నా. బరువును మోసే బలం పైకి, నడక అడ్డంగా గనుక. ఈ ఉదాహరణ మన తరగతి గదుల్లో తరచుగా వినిపించేదే. శాస్త్రం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ పొద్దంతా తట్టలు మోసి, మెడ పట్టేసి ఇంటికొచ్చిన తల్లి బిడ్డ ఆ బెంచీ మీద కూర్చుని ఉంది. "పని జరగలేదు" అనే వాక్యం ఆ పిల్ల చెవిలో ఎట్లా పడుతుందో ఆలోచించాలి.

మాస్టారు ఇంకో నాలుగు వాక్యాలు చెప్పాలి. భౌతికశాస్త్రం "పని" అనే మాటను మన దగ్గర అప్పు తీసుకుని, ఒక చిన్న అర్థానికి కుదించింది. అది లెక్క కట్టుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. తల్లి ఒంట్లో కండరాలు బరువును నిలబెట్టడానికి ఆపకుండా బిగుసుకుంటూనే ఉంటాయి, తిన్న తిండిలోని శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, అందుకే ఒళ్లు అలిసిపోతుంది. కూలి కట్టేటప్పుడు లెక్కకు రావలసింది ఆ పని. ఈ నాలుగు వాక్యాలతో శాస్త్రం చెడదు, పిల్ల నవ్వులపాలు కాదు. పైగా స్థానభ్రంశం అంటే ఏమిటో జన్మలో మరిచిపోదు.

ధ్వని పాఠానికి వద్దాం. శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి కంపనం చూపిస్తారు. చాలా బడుల్లో ఆ దండం ఉండదు, బొమ్మ ఉంటుంది. వాడలో డప్పు ఉంది. కొట్టబోయే ముందు డప్పును మంటకు కాస్తారు. ఎందుకు? చర్మంలో తేమ పోయి బిగుసుకుంటుంది. బిగువు పెరిగితే చర్మం సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తుంది. స్వరం పైకి లేస్తుంది. చలికాలం, వానాకాలం డప్పు మెత్తబడితే మళ్లీ కాస్తారు. చిర్రతో కొట్టిన దెబ్బ ఒక తీరు, చిటికెన పుల్లతో కొట్టిన దెబ్బ ఇంకో తీరు. పౌనఃపున్యం, కంపన పరిమితి అనే రెండు పెద్ద మాటలకూ ఇంతకంటే మంచి ప్రయోగం ఏ ప్రయోగశాలలో ఉంది?

4. రసాయనశాస్త్రం: లందలో ఉన్న విద్య

ఆమ్లాలు, క్షారాలు, లవణాలు - ఇది పాఠం. ఆమ్లం అంటే పులుపు అని చెప్పినా చాలు, చింతపండు, నిమ్మకాయ కళ్ల ముందుకొస్తాయి. ఒకప్పుడు కార్బన్ డయాక్సైడుకు తెలుగులో బొగ్గుపులుసు వాయువు అనే పేరు ఉండేది. బొగ్గు, పులుసు - వంటింటి మాటలు రెండు కలిపి శాస్త్రానికి పేరు పెట్టారు. అంటే చేయలేక కాదు. చేయగలిగిన దారిని మధ్యలో వదిలేశారు.

క్షారం పాఠంలో సున్నం వస్తుంది. సున్నాన్ని క్షారంగా వాడి బతికినవాళ్లు మాదిగలు. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెడతారు. వెంట్రుకల కుదుళ్లు వదులవుతాయి, గీకేస్తే పోతాయి. తర్వాత లందలో తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తారు. తంగేడు చెక్కలో, కరక్కాయలో టానిన్లు ఉంటాయి. అవి తోలులోని కొల్లాజెన్ అనే ప్రొటీనును పట్టుకుని గట్టిపరుస్తాయి. కుళ్లిపోయే తోలు ఏండ్లకొద్దీ నిలిచే తోలు అవుతుంది. ఎంత సున్నం, ఎన్ని రోజులు, చెక్క నీళ్లు ఎప్పుడు మార్చాలి అనేది చేయి చూసి, వాసన చూసి చెప్పేవాళ్లు. ఇదంతా రసాయనశాస్త్రం కాక మరేమిటి?

1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ ఏర్పడింది. అక్కడ ఇదే విషయం మీద పట్టాలు పుచ్చుకున్నవాళ్లు శాస్త్రవేత్తలయ్యారు. లందలో చేసినవాళ్లు అంటరానివాళ్లయ్యారు. ఆ లందలో తయారైన తోలు బొక్కెనతోనే మోట నడిచింది, ఆ నీళ్లతోనే ఊరి పంట పండింది. ఊరు నీళ్లు తీసుకుంది, తోలు చేసిన చేతిని మాత్రం బావి దగ్గరికి రానివ్వలేదు.

ఇక్కడ జాగ్రత్త కూడా కావాలి. కులవృత్తిని పొగిడి పిల్లవాణ్ని మళ్లీ లంద దగ్గరికి పంపాలని మేము అనడం లేదు. ఆ కంపులో తరాలు ఎందుకు మగ్గిపోయాయో మనకు తెలుసు. వృత్తి పోవాలి, పోనివ్వండి. వృత్తితో పాటు అందులో ఉన్న తెలివిని కూడా చెత్తలో పారేయడానికి మనం ఒప్పుకోనక్కరలేదు.

5. జీవశాస్త్రం: మాంసం లేని మాంసకృత్తులు

కిరణజన్య సంయోగక్రియ అనే మాట మీద తెలుగు పిల్లలంతా ఒకసారైనా తడబడినవాళ్లే. కిరణం, జన్యం, సంయోగం, క్రియ. విప్పితే, వెలుగు వల్ల పుట్టే కలయిక పని. ఆకు ఎండను పట్టుకుని గాలితో, నీళ్లతో తన తిండి తాను చేసుకోవడం. నీడన పడ్డ పైరు పాలిపోతుందని చేలో కూలికి పోయే పిల్లకు తెలుసు. తెలిసిన సంగతికి తెలియని పేరు పెట్టారు, అంతే.

ఆహారం పాఠంలో ఇంకో విచిత్రం ఉంది. ప్రొటీన్లకు తెలుగు పేరు మాంసకృత్తులు. మాటలోనే మాంసం ఉంది. ఉదాహరణలకు వచ్చేసరికి పప్పులు, పాలు, గుడ్లు ముందు నిలబడతాయి. మాంసం, చేపలు ఆ తర్వాత. పెద్దకూర అసలు కనబడదు. ఎండబెట్టి దాచుకున్న తునకలు ఎన్ని కరువుల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో ఆ పాఠానికి తెలియదు. "మీ ఇంట్లో ఏం తింటారు, రాసుకురండి" అని మాస్టారు చెబితే దళిత పిల్ల ఏం రాస్తుంది? నిజం రాస్తే వెక్కిరింపు. అందుకని పప్పు, నెయ్యి అని రాస్తుంది. ఇంటిపని పేరుతో అబద్ధం చెప్పడం నేర్పించే పాఠం అది.

జొన్నగటక, కొర్రన్నం సంగతీ అంతే. నిన్నటిదాకా అవి బీదవాళ్ల తిండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక వాటికి గౌరవం వచ్చింది. పేరు మారింది, ధర పెరిగింది. జహీరాబాదు ప్రాంతంలో దళిత ఆడవాళ్ల సంఘాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆ గింజలను కాపాడుతూ వచ్చాయి. చేలో దానంతటదే మొలిచే తుమ్మి, దొగ్గలి, గునుగు ఆకులను కూరగా గుర్తుపట్టి వండుకునే విద్య వాళ్లది. పుస్తకంలో చేలో మొలిచే ఈ జాతి అంతటికీ ఒకటే పేరు: కలుపు మొక్కలు.

6. సాంఘికశాస్త్రం: తవ్వించారు, కట్టించారు

చరిత్ర పాఠంలో క్రియలు చూడండి. చెరువులు తవ్వించారు. కోటలు కట్టించారు. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. అది 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కట్టించినవాడి పేరు శాసనంలో ఉంది. మరి కట్టిందెవరు? మోసిందెవరు? తెలుగు వ్యాకరణంలో "ఇంచు" అనే చిన్న ప్రత్యయం ఉంది. చేయించేవాణ్ని కర్తను చేసి, చేసినవాణ్ని వాక్యంలోంచి తప్పిస్తుంది. చరిత్ర పాఠం అంతా ఆ ప్రత్యయం మీద నడుస్తుంది. "ఎవరు తవ్వించారు" అనే ప్రశ్నతో పాటు "ఎవరు తవ్వారు" అని ఇంకో ప్రశ్న రాయిస్తే చాలు, పాఠం మారిపోతుంది.

చెరువు కట్ట, తూము, అలుగు, ఆయకట్టు - ఈ మాటలు నీరటికాడి నోట పుట్టి పెరిగాయి. తూము ఎత్తి ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసే నీరటికాడు తెలంగాణలో చాలా ఊళ్లలో దళితుడే. పుస్తకంలో నీటిపారుదల అని ఒక శీర్షిక ఉంటుంది. నీళ్లు పారించినవాడు ఉండడు.

"జీతం" అనే మాట కూడా ఇట్లాంటిదే. ఉద్యోగి ఇంట్లో జీతం అంటే నెల మొదట్లో వచ్చే డబ్బు. వాడలో జీతం అంటే అప్పు కింద మనిషిని దొర దగ్గర సాలుకు కుదర్చడం. జీతగాడు అంటే ఉద్యోగి కాదు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఈ ఒక్క మాటకున్న రెండు అర్థాలు చాలు.

7. ఇంగ్లీషు మీడియం వస్తే?

ఇదంతా విని "అందుకే ఇంగ్లీషు మీడియం కావాలంటున్నాం" అంటారు చాలామంది దళిత తల్లిదండ్రులు. వాళ్లను తప్పుపట్టే హక్కు తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి తెలుగు తల్లి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లకు లేదు. ఎట్లాగూ పరాయి మాటే నేర్వాలి, కూడు పెట్టే పరాయి మాట నేర్చుకుంటే ఏం పోయింది అనేది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంకు మార్చే ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతిదాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టింది. రెండు చోట్లా ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. మంచి ఏర్పాటే. కానీ ఎడమ పక్క కిరణజన్య సంయోగక్రియ, కుడి పక్క ఫొటోసింథసిస్. ఒకదానికి ఇంకోటి అర్థం చెప్పాలి గదా! రెండూ తెలియని పిల్లకు ఎవరు చెబుతారు? మధ్యలో ఉండాల్సిన మూడో మాట, ఇంటి మాట, ఏ పేజీలోనూ లేదు. మీడియం ఏదైనా మెట్టు అదే. ఆ మెట్టు లేకుండా ఇంగ్లీషు పెట్టినా బట్టీయే మిగులుతుంది.

8. ఏం చేయవచ్చు

1882లో హంటర్ కమిషన్‌కు ఫూలే ఇచ్చిన నివేదనలో ప్రాథమిక విద్య కింది కులాలకు అందాలనీ, వ్యవసాయం, ఆరోగ్యం వంటి బతుకు విషయాలు పాఠాల్లో ఉండాలనీ అడిగారు. ఆ కోరిక పాతబడలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు వేసింది. ఒకచోట వృత్తుల మాటలు పోగయ్యాయి, ఇంకోచోట శాస్త్రాల మాటలు తయారయ్యాయి. రెండింటికీ మధ్య బాట సరిగా పడలేదు. ఆ బాట తరగతి గదిలో వేయవచ్చు. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కరలేదు.

ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయించండి. మొదటి గడిలో ఇంటి మాట, రెండో గడిలో పుస్తకం మాట, మూడో గడిలో ఇంగ్లీషు మాట. పాఠం మొదలుపెట్టేటప్పుడు మొదటి గడి పిల్లలతో నింపించాలి. బిగువు - తన్యత - టెన్షన్. పులుపు - ఆమ్లం - యాసిడ్. నూటికి మూడు - సాలుకు 36 శాతం - పర్సెంట్. సంవత్సరం తిరిగేసరికి ఆ బడికి సొంత పదకోశం తయారవుతుంది.

దీన్ని చేసేవాళ్లు నాలుగు సంగతులు పట్టించుకోవాలి. మొదటిది, తోలు గురించి చెప్పమని దళిత పిల్లవాణ్ని లేపి నిలబెట్టకూడదు. అది పాఠం కాదు, అవమానం. ఇంటి మాటలు తరగతి మొత్తం తేవాలి, మాట తెచ్చినవాడి కులం అడగకూడదు. రెండోది, మాల ఇంటి మాట, మాదిగ ఇంటి మాట, ఆడవాళ్ల మాట, మొగవాళ్ల మాట ఒకటి కావు. ఏదో ఒకదాన్ని "అసలైన దళిత భాష" అని కొత్త శిష్టభాషగా నిలబెట్టవద్దు. మూడోది, ఇంటి మాట దగ్గర ఆగిపోకూడదు. పరీక్ష, ఇంటర్, ఆపై చదువు పుస్తకం మాటతోనే నడుస్తాయి. మన పిల్లలకు మెట్టు కావాలి, కింద కూర్చోబెట్టే పీట వద్దు. నాలుగోది, విషయం సరిగా ఉన్న జవాబుకు మార్కు ఇవ్వాలి. "వొయ్యిండు" అని రాసినందుకు సైన్సులో మార్కు కోయడానికి ఏ శాస్త్రం ఒప్పుకోదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని అందులో రాశారు. ఎవరి మాతృభాష అనే ప్రశ్న చట్టం వేయలేదు. సంఘాల్లో పనిచేసేవాళ్లు, టీచర్లు, విద్యార్థులు ఆ ప్రశ్న వేయాలి. వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల కాగితంతో పాటు పిల్లవాడి నోటుబుక్కు కూడా అడిగి చూడండి. ఏ మాటల దగ్గర ఎర్రసిరా పడిందో ఒక జాబితా రాయండి. అందులో ఎన్ని తెలియనితనం వల్ల వచ్చాయి, ఎన్ని మన ఇంటి మాట అయినందుకు కొట్టేసినవి అని వేరుచేయండి. ఆ జాబితా చేతిలో పెట్టుకుని మాస్టారితో మాట్లాడదాం.